పదకొండో రోజున మానేద్దామనుకుంటున్న అమ్మాయికి

నువ్వు అడిగింది ఇదీ: "మాది ధర్మవరం దగ్గర పల్లెటూరు. నాన్న మగ్గం నేస్తాడు. కౌన్సెలింగ్‌లో విజయనగరంలో సీటొచ్చింది. బీటెక్ ఫస్టియర్‌లో చేరి పదకొండు రోజులైంది. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. మెస్‌లో కూరలు తియ్యగా ఉంటాయి, దిగవు. ఇక్కడివాళ్ళ మాట సగం అర్థం కాదు. ఒకావిడ నన్ను గుంట అంది, ఆ రాత్రంతా ఏడ్చాను. క్లాసులన్నీ ఇంగ్లిష్‌లోనే. మానేసి వెళ్ళిపోవాలని ఉంది. నాన్న అప్పు చేసి పంపాడు కాబట్టి ఆయనకు చెప్పలేను. ఏం చేయమంటారు?"

ముందు ఆ గుంట సంగతి తేల్చేద్దాం అమ్మా, మిగతావి తర్వాత. మా వైపు గుంట అంటే ఆడపిల్ల, గుంటడు అంటే మగపిల్లాడు. అంతే. తిట్టు కాదు, వెక్కిరింపు కాదు. నాకు యాభై ఏళ్ళు దాటాక కూడా మా అమ్మ ఎవరొచ్చినా "మా పెద్దగుంట" అనే చూపించేది. మీ నాన్న కాళ్ళు కిందికి దించి కూర్చుని నేసేది గుంట మగ్గమే అయి ఉంటుంది, నీకు గుంట అంటే అదే తెలుసు. ఆవిడ నిన్ను గొయ్యి అనలేదు, పిల్ల అంది. పేరు తెలియని పరాయి పిల్లని ఇక్కడ ముద్దుగా పిలిచే మాట అదే.

నా గురించి రెండు ముక్కలు. విజయనగరం జిల్లాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో 26 ఏళ్ళు ఫస్టియర్ పిల్లలకి లెక్కలు చెప్పాను. అందులో 11 ఏళ్ళు ఆడపిల్లల హాస్టల్‌కి డిప్యూటీ వార్డెన్‌ని. అంటే పగలు డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, రాత్రి ఏడుపులు. రెండో ఉద్యోగానికే ఎక్కువ ఓపిక కావాల్సి వచ్చేది.

హాస్టల్లో ఔట్‌పాస్ రిజిస్టర్, అంటే బయటికి వెళ్ళడానికి అనుమతి రాసే పుస్తకం, ఒకటి నా దగ్గర ఉండేది. ఏటా చూసేదాన్ని, మొదటి వారంలో ఇంటికి పంపమని అడిగేవాళ్ళు చాలా తక్కువ. బకెట్ కొనాలి, తాళం కొనాలి, ఐడీ కార్డు, ఫొటోలు, జిరాక్సులు, ఏ బ్లాక్ ఎక్కడుందో వెతుక్కోవడం, ఈ హడావుడిలో ఏడవడానికి తీరిక ఉండదు. రెండో వారంలో పనులన్నీ అయిపోతాయి. సాయంత్రం అయిదింటికి గదికి వస్తే ఏమీ ఉండదు. అప్పుడు మొదలవుతుంది. రిజిస్టర్లో పదో రోజు నుంచి పదిహేనో రోజు దాకా పేజీ నిండిపోయేది. నీది పదకొండో రోజు. అంటే నువ్వు సరిగ్గా అందరూ ఏడ్చే చోటే ఉన్నావు. నీ పక్క గదిలో అమ్మాయి నవ్వుతూ తిరుగుతోందని నువ్వనుకుంటుంటావు. దుప్పటి కింద ఆ పిల్ల ఏం చేస్తోందో నీకు తెలియదు, నువ్వేం చేస్తున్నావో ఆ పిల్లకి తెలియదు.

మానేయాలా వద్దా అనేదానికి నేను ఒక ప్రశ్న అడిగేదాన్ని. ఎప్పుడు బాధగా ఉంటోంది? సాయంత్రం దీపాలు పెట్టే వేళ, ఆదివారం మధ్యాహ్నం, పడుకున్నాక, ఇలా ఖాళీగా ఉన్నప్పుడే అయితే అది ఇంటి మీద బెంగ. దానికి మందు ఉంది. అలా కాకుండా క్లాసులో కూర్చున్నప్పుడే ఊపిరాడనట్టు ఉండి, పుస్తకం తెరవాలంటేనే అసహ్యం వేస్తుంటే, అప్పుడు అది కోర్సు గొడవ. రెండూ ఒకటి కాదు. బెంగతో మానేసిన పిల్ల ఆరు నెలలకు బాధపడుతుంది, కోర్సు పడక మానేసిన పిల్ల ఒక్కోసారి హాయిగా బాగుపడుతుంది. మానడం ఎప్పుడూ తప్పే అని నేననను. నువ్వు రాసినదాంట్లో రాత్రి ఉంది, మెస్ ఉంది, మాట ఉంది. చదువు మీద విసుగు మాత్రం నాకు కనబడలేదు. ఇంగ్లిష్ అంటే భయం కనబడింది, అది వేరు.

నిద్ర గురించి. నువ్వు రాయలేదు కానీ అడుగుతున్నాను, మీ ఇంట్లో తెల్లవారుజాము నుంచే మగ్గం చప్పుడు వినబడేదా? చాలా ఏళ్ళ కిందట మా హాస్టల్లో పొందూరు అమ్మాయి ఒకతె ఉండేది. పొందూరు అంటే శ్రీకాకుళం జిల్లా, ఖద్దరుకి పేరు. అక్కడ దూదిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు, ఆ చిన్న చిన్న పళ్ళు దువ్వెనలా పనికొస్తాయి. ఆ అమ్మాయి వాళ్ళ అమ్మా నాయనమ్మా రాట్నం తిప్పేవాళ్ళు. విజయనగరం నుంచి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండొచ్చు, అయినా నీకంటే ఎక్కువ ఏడ్చింది. కిలోమీటర్లకీ బెంగకీ సంబంధం లేదని నాకు ఆ పిల్ల వల్లే తెలిసింది. ఆ గదిలో ఒక ఫ్యాన్ కిర్రు కిర్రుమని అరిచేది, దాని కింద మంచం ఎవరికీ వద్దు. మూడో వారంలో ఈ పిల్ల ఆ మంచం అడిగి తీసుకుంది. హాయిగా నిద్రపోయింది. నెల తర్వాత ఎలక్ట్రీషియన్ ఫ్యాన్ బాగుచేయడానికి వస్తే నిచ్చెన దగ్గర నిలబడి "వద్దన్నా, ఉండనీయండి" అంది. గదిలో మిగతా ముగ్గురూ తలలు బాదుకున్నారు.

నీకేది లోటుగా ఉందో చూసుకో. చప్పుడా, పక్కన చెల్లెలు పడుకోకపోవడమా, ఆరుబయట పడుకునే అలవాటా? లోటేదో తెలిస్తే దానికి బదులు ఏదో ఒకటి దొరుకుతుంది. మీ అమ్మతో చెప్పి మగ్గం చప్పుడు పది నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేయించి పంపమను. నవ్వకు, పనికొస్తుంది. మధ్యాహ్నం నిద్ర మాత్రం మానేయి. ఆదివారం నాలుగింటిదాకా పడుకుని రాత్రి నిద్ర రావట్లేదని ఏడిచేవాళ్ళని నేను ఎందరినో లేపాను.

ఫోన్ సంగతి మొహమాటం లేకుండా చెబుతాను. రాత్రి తొమ్మిదింటికి, భోజనం అయ్యాక, గదిలో పడుకుని వీడియో కాల్ చేయడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. అక్కడ అమ్మ ఏడుస్తుంది, ఇక్కడ నువ్వు ఏడుస్తావు, ఫోన్ పెట్టేశాక దీపం ఆర్పుతారు. ఇంకేం నిద్ర? సాయంత్రం క్లాసులయ్యాక, ఆరింటిలోపు, చెట్టు కిందో మెట్ల మీదో నిలబడి మామూలు కాల్ చెయ్యి. పది నిమిషాలు చాలు. బాగున్నావా, తిన్నావా అన్న మాటలు అయ్యాక ఆ రోజు జరిగింది ఒక్కటి చెప్పు. ల్యాబ్‌లో ఎవరో గాజు పగలగొట్టారని, ఎవరో గుంట అన్నారని. వాళ్ళకి నువ్వు ఉన్న చోటు కళ్ళకు కట్టాలి. లేకపోతే వాళ్ళు ఊహించుకునేది నీ కష్టం కంటే పెద్దదిగా ఉంటుంది.

నాన్నకు చెప్పలేనన్నావు. ఎందుకు చెప్పలేవో నాకు తెలుసు. చీర నేయడానికి ఎన్ని రోజులు కూర్చోవాలో చూస్తూ పెరిగిన పిల్లవి, ఫీజు రశీదు చూస్తే చీరలే లెక్క కడతావు. కానీ చెప్పడం వేరు, తీసుకెళ్ళమనడం వేరు. ఇలా అను: "నాన్నా, నాకు ఇక్కడ కష్టంగా ఉంది. వచ్చి తీసుకుపొమ్మని కాదు, నీకు చెప్పుకోవాలనిపించింది." ఆ రెండో వాక్యం మర్చిపోకు. అది లేకపోతే ఆయన ఆ రాత్రే రైలెక్కుతాడు. అది ఉంటే "సరే తల్లీ, ఏందో చెప్పు" అంటాడు. నేను ఎందరో తండ్రులతో ఫోన్లో మాట్లాడాను. కూతురికి కష్టంగా ఉందని విని కోప్పడినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. ఆ కష్టం నెలల తర్వాత పరాయివాళ్ళ నోట విని కుమిలిపోయినవాళ్ళు మాత్రం చాలామంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. రెండు వారాలు దాటినా తిండి, నిద్ర పూర్తిగా పోతే, బతకడం ఎందుకు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఇది బెంగలే తగ్గిపోతుంది అని ఊరుకోవద్దు. వార్డెన్‌కి చెప్పు, ఇంట్లో చెప్పు, 14416కి ఫోన్ చెయ్యి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ లైను, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. జ్వరం వస్తే డాక్టర్ దగ్గరికి పోవడంలాంటిదే ఇదీ.

ఇక భాష. ఇక్కడ ఏమిటి అనేది ఏటి అవుతుంది, త్వరగా అనేది బేగి అవుతుంది, కూర్చో అనేది కూకో, పడుకున్నావా అనేది తొంగున్నావా. వింటూ ఉంటే నెలలో చెవికి అలవాటవుతుంది. సరదా ఏమిటంటే, మీ సీమలో మగవాళ్ళని "ఏమప్పా" అంటారు కదా, ఇక్కడ చాలా ఊళ్ళలో అప్ప అంటే అక్క. కడప నుంచి వచ్చిన ఒకమ్మాయి కాంప్లెక్స్ దగ్గర, అంటే బస్టాండు దగ్గర, ఆటో అతన్ని "ఎంతప్పా?" అని అడిగితే అతను వెనక్కి తిరిగి, ఇంకెవరైనా ఆడమనిషి నిలబడి ఉందేమో అని చూశాడట. ఆ కథ మా హాస్టల్లో నాలుగేళ్ళు నడిచింది. నీ యాస చూసి నవ్వితే నువ్వూ నవ్వు. నీ మాట మార్చుకోకు, వాళ్ళ మాట నేర్చుకో. యాస దాచుకోవాలని నోరు మూసుకున్న పిల్లలే ఒంటరిగా మిగిలిపోవడం చూశాను. అసలు ఇది గురజాడ ఊరు, మనుషులు నోటితో మాట్లాడుకునే తెలుగే రాతలోకి రావాలని ఆయన పోట్లాడిన ఊరు. ఇక్కడ నీ మాట గురించి నువ్వు సిగ్గుపడటం ఏం బాగుంటుంది?

తిండి. కూర తియ్యగా ఉందంటే మెస్‌వాళ్ళ తప్పు కాదు. మా వైపు పులుసులో బెల్లం పడాల్సిందే, కూరలో ఆవ పెట్టడం కూడా ఉంది. మీ నాలిక్కి అలవాటైన కారం ఇక్కడ దొరకదు. మీ రాగులు మాత్రం దొరుకుతాయి, కాకపోతే పేరు మారింది, ఇక్కడ చోళ్ళంటారు. రాగిసంగటి అని అడిగితే మెస్‌లో ఎవరికీ అర్థం కాకపోవచ్చు. చోడిపిండి అని కొట్లో అడుగు, వెంటనే తీసిస్తారు. పొద్దున్నే చోడంబలి తాగేవాళ్ళు ఈ జిల్లాల్లో కావలసినంతమంది. ఇంటి నుంచి తెచ్చుకోవాల్సింది స్వీట్లు కాదు, శెనక్కాయల పొడి, ఊరగాయ. మెస్ అన్నంలో పొడి కలుపుకుంటే రోజు గడిచిపోతుంది. కానీ ఆ డబ్బా బల్ల మీద పెట్టుకుని తిను, మంచం కింద దాచుకుని కాదు. పక్కవాళ్ళు ఒక చెంచా అడుగుతారు. రెండు వారాల్లో డబ్బా ఖాళీ అవుతుంది, బల్ల చుట్టూ నలుగురు ఉంటారు. మా హాస్టల్లో స్నేహాలు సగం ఊరగాయ డబ్బాల దగ్గరే మొదలయ్యాయి. టిఫిన్ మానేసి క్లాసుకి పోవద్దు. పదకొండింటికి కళ్ళు తిరిగి పడిపోయిన పిల్లల్ని మోసుకెళ్ళి మోసుకెళ్ళి నా నడుం పోయింది.

ఇప్పుడు నా సబ్జెక్టుకి వస్తాను. నువ్వు తెలుగు మీడియం అని రాయలేదు కానీ ఇంగ్లిష్ అంటే ఆ భయం చూస్తే అదే అనుకుంటున్నాను. మాత్రిక అంటే మ్యాట్రిక్స్, నిర్ధారకం అంటే డిటర్మినెంట్, అవకలనం అంటే డిఫరెన్షియేషన్, సమాకలనం అంటే ఇంటిగ్రేషన్. ఫస్టియర్ లెక్కల్లో మొదట వచ్చేవి మ్యాట్రిక్సులే. అంటే నీకు వచ్చిన లెక్కే, డబ్బా మీద చీటీ మారింది. నా క్లాసులో తెలుగు మీడియం పిల్లలు చేసే తప్పు ఒక్కటే, బోర్డు మీదున్నదంతా కిందామీదా పడి ఎక్కించేసుకుని, చెప్పేది వినరు. నోట్సు తర్వాత పక్కమ్మాయి దగ్గర రాసుకోవచ్చు, చెప్పేది మళ్ళీ రాదు. విను. అర్థం కాని మాట వినబడితే, ఎలా వినబడిందో అలా తెలుగు అక్షరాల్లో మార్జిన్‌లో రాసుకో. సాయంత్రం ఆ మాటలు మాత్రమే చూసుకో. నా లెక్కలో ఒక యూనిట్‌కి పాతిక ముప్పై మాటలు మించవు. అవే తిరిగి తిరిగి వస్తాయి. మూడో యూనిట్‌కి వచ్చేసరికి ఇంగ్లిష్ కాదు కష్టం, లెక్కే కష్టం అని నీకే తెలుస్తుంది. అప్పుడు నా దారికి వచ్చినట్టు.

ఇంకోటి, స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి "మేడం, మీరు చెప్పింది నాకు ఇంగ్లిష్‌లో అందలేదు, ఒక్కసారి తెలుగులో చెప్తారా" అని అడుగు. నన్ను అలా అడిగిన పిల్లల మొహాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి, ఏటా నలుగురైదుగురు, అంతే. అడగని అరవైమంది మొహాలు గుర్తులేవు. విసుక్కునే లెక్చరర్లు ఉంటారు, లేరని చెప్పను. ఒకరు విసుక్కుంటే ఇంకొకరి గుమ్మం చూడు.

మార్కుల లెక్క తెలిస్తే టెన్షన్ కొంత తగ్గుతుంది. 2022లో కాకినాడ జేఎన్‌టీయూ నుంచి విడివడి విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ వచ్చింది కదా, దాని అనుబంధ కాలేజీల్లో థియరీ సబ్జెక్టుకి ఇంటర్నల్స్ 30, సెమిస్టర్ పరీక్షకి 70. ఇంటర్నల్స్‌కి రెండు మిడ్‌లు, అంటే సెమిస్టర్ నడుస్తుండగా పెట్టే పరీక్షలు. ఏది బాగా రాస్తే దానికి 80 శాతం, రెండోదానికి 20 శాతం వేస్తారు. మొదటి మిడ్‌లో 12, రెండో దాంట్లో 24 వచ్చాయనుకో. 24లో 80 శాతం 19.2, 12లో 20 శాతం 2.4, మొత్తం 21.6. మామూలు సగటు అయితే 18 అయ్యేది. అంటే ఇప్పుడు తడబడినా సర్దుకోవడానికి నీకు చోటు ఉంది. మీది సొంతంగా పరీక్షలు పెట్టుకునే అటానమస్ కాలేజీ అయితే రెగ్యులేషన్స్ పుస్తకం వేరుగా ఉంటుంది, అడిగి తీసుకుని చదువు. హాజరు మాత్రం ఎక్కడైనా కత్తే. 75 శాతం ఉండాలి. 65 దాకా అయితే కారణం చూపి, ఫీజు కట్టి గట్టెక్కొచ్చు, దాని కింద అయితే సెమిస్టర్ పోతుంది. పదహారు వారాల సెమిస్టర్లో ఒక్క వారం ఇంటికెళ్తే 6 శాతం అక్కడే పోయింది. ఆ మీద జ్వరం వస్తే?

సీనియర్ల గురించి నువ్వు ఏమీ రాయలేదు, ఏమీ లేదనే అనుకుంటాను. పేరు, ఊరు అడగడం పరవాలేదు. గదికి రమ్మనడం, రాత్రి లేపడం, రికార్డులు రాయించడం, డబ్బులు అడగడం ర్యాగింగ్. మన రాష్ట్రంలో 1997 నుంచి దానికి చట్టం ఉంది. యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522. నంబర్ ఫోన్‌లో వేసుకుని మర్చిపో, అవసరం రాకూడదని కోరుకుంటా. కులం, ఆదాయం సర్టిఫికెట్లు, బ్యాంకు పాస్‌బుక్, ఆధార్ జిరాక్సులు ఒక ఫైల్లో పెట్టుకో. ఫీజు రీయింబర్స్‌మెంట్ పనికి ఏదో ఒకటి ఎప్పుడూ అడుగుతూనే ఉంటారు, ఒరిజినల్స్ కాలేజీలో ఇస్తే రశీదు తీసుకో.

జ్వరం అన్నాను కదా, ఇది వానాకాలం, దోమతెర కొనుక్కో. జ్వరం రెండో రోజుకీ తగ్గకపోతే రక్తపరీక్ష చేయించుకో. డెంగీయో మలేరియాయో తేలేదాకా పారాసెటమాల్ తప్ప మెడికల్ షాపువాడు ఇచ్చిన నొప్పుల మాత్రలు మింగకు. రూమ్మేట్‌కి తప్పనిసరిగా చెప్పు. ఒకసారి క్లాసుకి రాలేదని ఒకమ్మాయిని నలుగురిలో కేకలేశాను. సాయంత్రం గదికి వెళ్తే ఒళ్ళు కాలిపోతోంది. వార్డెన్‌కి చెప్తే ఇంటికి ఫోన్ చేస్తారు, నాన్న కంగారు పడతాడు అని చెప్పలేదట. ఆ కేకలు వెనక్కి తీసుకోవడానికి నాకు వీలు కాలేదు. నువ్వు అలాంటి పని చేయకు.

నీకు తెలియని ఇంకో సంగతి, తుఫాను. మీకు కరువు తెలుసు, ఇది తెలియదు. అక్టోబరు వస్తే ఇక్కడివాళ్ళు సముద్రం వైపు ఒక చెవి పెట్టి ఉంచుతారు. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లాలో తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని నేలకరిపించింది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, ఆదివారం. విశాఖ దగ్గర తీరం దాటింది, మాకూ గట్టిగానే తగిలింది. ఆ రోజు హాస్టల్లో నేనే డ్యూటీ. కిటికీ అద్దాలు పగలడం మొదలయ్యాక పరుపులన్నీ కారిడార్లోకి లాగించాం. కరెంటు లేదు, ఫోన్లు లేవు, ల్యాండ్‌లైన్ కూడా మూగబోయింది. వంటామె గ్యాస్ మీద పెద్ద గిన్నెడు ఉప్మా చేస్తే కొవ్వొత్తి వెలుగులో తిన్నారు.

ఆ బ్యాచ్‌లో గుంటూరు వైపు అమ్మాయి ఒకతె టీసీ ఇప్పించమని నా చుట్టూ వారం నుంచి తిరుగుతోంది. నీలాగే. మోటారు పనిచేయక, తుఫాను మర్నాటి నుంచి పిల్లలు వరస కట్టి చేతిపంపు నుంచి బకెట్లు అందించుకున్నారు, ఈ పిల్ల మెట్ల మలుపు దగ్గర నిలబడింది. ఎప్పటికో ఫోన్ కలిసింది. వాళ్ళ నాన్న "వచ్చి తీసుకెళ్ళిపోతానమ్మా" అంటున్నాడు, నాకు వినబడుతోంది. ఈ పిల్ల "ఇప్పుడెలా వస్తాను నాన్నా, నేను వచ్చేస్తే మెట్ల దగ్గర ఎవరుంటారు" అంది. తర్వాత టీసీ మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు. పవర్ బ్యాంకు, చిన్న టార్చి ఇప్పుడే కొనిపెట్టుకో. వాన హెచ్చరిక వస్తే ఇంటికి ముందే చెప్పు, రెండు మూడు రోజులు ఫోన్ కలవకపోయినా కంగారు పడొద్దని.

తుఫాను కోసం ఎదురుచూడమని కాదు. నీకోసం ఒకరు ఎదురుచూసే చోటు ఒక్కటి చాలు. దానికి నా చిట్కా, ఒకే కొట్టుకి వెళ్ళు. టీ కొట్టో, జిరాక్సు షాపో, టిఫిన్ బండో, వారానికి మూడుసార్లు అక్కడికే, అదే వేళకి. శనివారం సాయంత్రం ఇద్దరు ముగ్గురు కలిసి ఊళ్ళోకి వెళ్ళండి. కోట చుట్టూ తిరగండి, గంటస్తంభం దగ్గర ఆగండి, మూడు లాంతర్ల కూడలి మీదుగా రండి. 1919లో పెట్టిన సంగీత కళాశాల ఈ ఊళ్ళోనే ఉంది, ఘంటసాల చదువుకున్నది అక్కడే. పాత భవనాలు చూడమని క్లాసు పీకడం లేదు. దారి తెలిసిన ఊళ్ళో బెంగ తక్కువ, అంతే. ఎవరినీ అడగకుండా నువ్వు హాస్టల్‌కి తిరిగి రాగలిగిన రోజు చూసుకో. ఏదో ఒక రోజు నువ్వు ఆ టిఫిన్ బండికి వెళ్ళవు, మర్నాడు ఆవిడ అట్టు తిప్పుతూ "నిన్న రాలేదేటే గుంటా?" అంటుంది. ఈసారి ఏడవవు.

ఇంటికి ఎప్పుడు వెళ్ళాలి? ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. వార్డెన్ అయిన కొత్తలో, రెండో వారంలో ఏడుస్తున్న ఒకమ్మాయిని చూసి జాలిపడి, వాళ్ళ నాన్నని పిలిపించి "ఒక వారం తీసుకెళ్ళి పంపండి" అన్నాను. వారం తర్వాత తండ్రి ఒక్కడే వచ్చాడు, పెట్టె కోసం. ఆ పిల్ల కోర్సు పడక మానేసి ఉంటే నాకు బాధ ఉండేది కాదు. క్లాసులో ముందు బెంచీ పిల్ల, లెక్కలంటే ఇష్టం. బెంగ బాగా ముదిరినప్పుడు ఇంటికి పంపితే, ఇల్లు వదలడం అనే పని మళ్ళీ మొదటి నుంచి చేయాలి. రెండోసారి ఎవరికీ అంత ధైర్యం ఉండదు. ఆ తర్వాత నేను ఎవరికీ మొదటి నెలలో ఔట్‌పాస్ రాయలేదు, ఇంట్లో ఆపద ఉంటే తప్ప. కావాలంటే అమ్మానాన్నలని రమ్మను, ఒక పూట ఉండి వెళ్తారు, నువ్వు మంచం ఎక్కడేశావో చూస్తారు.

దసరాకి వెళ్ళు. అప్పటికి మొదటి మిడ్ అయ్యో అవబోతూనో ఉంటుంది. ధర్మవరం మీదుగా పోయే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ విజయనగరంలో ఆగుతుంది, రైలు మారక్కర్లేదు. దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు, దసరా బెర్తులు చూస్తుండగానే అయిపోతాయి. తిరుగు టికెట్టు కూడా ఇప్పుడే తీయి, అది చేతిలో లేకుండా వెళ్ళొద్దు. ఆ టికెట్టు ఆదివారానికి చూసుకో, సోమవారానికి ఇక్కడ దిగుతావు. ఎందుకంటే దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ముందు రోజు రాత్రి తొలేళ్ళ సంబరం. ఊరంతా రోడ్ల మీదే ఉంటుంది. చాలా పొడవైన మాను కొనమీద పూజారి కూర్చుని గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతాడు, జనం మేడల మీది నుంచి అరటిపళ్ళు విసురుతారు. హాస్టల్ పిల్లలు ఏ మేడ మీద చోటు దొరుకుతుందా అని నెల ముందే మాట్లాడి పెట్టుకుంటారు. నీ రూమ్మేట్లలో ఇక్కడి పిల్ల ఎవరైనా ఉంటే, వాళ్ళ చుట్టాల మేడ ఒకటి ఉండే ఉంటుంది. ఈ రాత్రే అడుగు, అడిగాక టికెట్టు చూడు.